మూడు లైన్ల ఖాళీ

ఆ రోజుల్లో పట్టిక గీస్తే లొంగని పని లోకంలో ఉండదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడు ఆ నమ్మకాన్ని తలుచుకుంటేనే నడుం నొప్పి పుడుతుంది. నెల్లిమర్ల దగ్గర వరి పండించుకునే ఇంట్లో పుట్టాను. మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేశాను. మూడు కంపెనీల ఇంటర్వ్యూల్లో (మొదటిదాంట్లో ఇంగ్లీషు, రెండోదాంట్లో భయం, మూడోదాంట్లో ఆకలి కారణంగా) తప్పి, చివరికి శ్రీకాకుళంలో ఒక దినపత్రిక జిల్లా పేజీల డెస్కులో సబ్ ఎడిటర్‌గా తేలాను. మావాడు పేపరు ఆఫీసులో ఇంజినీరు అని మా నాన్న ఊళ్లో చెప్పుకునేవాడు. నేను అచ్చుయంత్రాన్ని నడిపిస్తున్నానని ఊరంతా అనుకునేది. ఆ యంత్రం ఉన్న ఊరు కూడా నేను అప్పటికి చూడలేదు. అయినా ఆ వార్తను మాత్రం సవరించలేదు.

నా పని మండలాల నుంచి విలేకర్లు పంపే వార్తలను దిద్ది పేజీలో కూర్చోబెట్టడం. జిల్లా పేజీ చదివే అలవాటున్నవారికి తెలుసు, అందులో వార్త రెండు లైన్లు, పేర్లు పది లైన్లు. మొక్క నాటినా, బోరు వేసినా చివర 'ఈ కార్యక్రమంలో' అని మొదలుపెట్టి ఊళ్లో కాస్త తెల్లచొక్కా వేసుకున్న ప్రతివాడి పేరూ ఉండాల్సిందే. పేరు పడినవాడు ఆ రోజు పేపరు దాచుకుంటాడు, పడనివాడు విలేకరిని నడిరోడ్డు మీద నిలదీస్తాడు. కొందరు విలేకర్లు కాగితం మీద రాసి, దాన్ని ఫోనుతో ఫొటో తీసి పంపేవారు. సగం పేర్ల మీద బొటనవేలి నీడ పడి ఉండేది. రోజుకు నలభై వార్తలు, వార్తకు పదిహేను పేర్లు. మూడు నెలలకే నా కళ్లు అరిగిపోయాయి.

అప్పుడు పుట్టింది నా పట్టిక. ఊరివారీగా, సభకు ఎవరెవరు వస్తుంటారో పాత పేపర్లు తిరగేసి కంప్యూటర్లో ఎక్కించాను. ఊరి పేరు కొడితే పెద్దల పేర్లన్నీ హోదా క్రమంలో దిగిపోతాయి. మా డెస్కు ఇన్‌ఛార్జి (మేం పెద్దాయన అనేవాళ్లం) దాన్ని కళ్లజోడు పైనుంచి చూసి, "ఇంజినీరూ, మా కాలంలో బ్లేడుతో కోసి, జిగురుతో అతికించి పేజీ చేసేవాళ్లం. కింద ఖాళీ మిగిలితే ఒక సూక్తి అతికించేవాళ్లం. సూక్తి మీద ఎవడూ గొడవకి రాడు" అన్నారు. పాతకాలం మనిషి అనుకున్నాను.

కళింగపట్నం వైపు ఒక మత్స్యకారుల ఊరు ఉంది. అక్కడి వార్తలు పంపేది ట్యూషన్లు చెప్పుకునే ఒక మాస్టారు. ఒక సాయంత్రం ఆయన నుంచి చిన్న వార్త వచ్చింది. ఒడ్డున చేపలు ఎండబెట్టే చోటును మరోచోటికి మార్చాలని అధికారులు అనుకుంటున్నారట, దాని గురించి ఊళ్లో అవగాహన సభ పెట్టారట. అధికారులు ఏం చెప్పారో నాలుగు ముక్కలు, అంతే. పేర్లు లేవు. పేజీలో పెడితే కింద మూడు లైన్ల ఖాళీ మిగిలింది. "ఇంజినీరూ, అక్కడ గాలాడుతోంది, ఏదో ఒకటి పడెయ్" అని పెద్దాయన అరిచారు. పాపం మాస్టారు అలసిపోయి పేర్లు మరిచిపోయారు కాబోలు అని నేను ఊరి పేరు కొట్టాను. ఆరు పేర్లు దిగాయి. మూడు లైన్లకు అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఇంజినీరుకు దక్కే ఆనందాలు కొన్నే, అందులో అదొకటి.

వార్త అచ్చయిన మర్నాడు పొద్దున్నే మాస్టారు ఫోన్ చేశారు.

"బాబూ, కొంప ముంచీసినావు. ఆ పేర్లెవులు ఏసినారు?"

"నేనే మాస్టారూ. మీరు మరిచిపోయారని..."

"నాను మర్సిపోడమేటి? ఎవులూ ఎల్లనేదు గనక రాయనేదు! ఆ మీటింగుకి ఎల్లకూడదని ఊరంతా కట్టు కట్టుకున్నాది. కుర్సీలకి ఉపన్యాసం సెప్పీసి ఎలిపోనారు ఆఫీసర్లు."

పేర్లు లేకపోవడమే ఆ వార్త అని అప్పుడు అర్థమైంది. నేను మొట్టమొదట వేసిన పేరు, ఆ కట్టు పెట్టించిన పెద్దమనిషిది. ఊరందరికీ తాత. అందరినీ ఆపి తాను మాత్రం చాటుగా వెళ్లి ఒప్పుకొని వచ్చాడని ఊరు తేల్చేసింది. కట్టు తప్పినవాడి బోటుకు ఎవరూ భుజం ఇవ్వరు. పదిమంది తోస్తే తప్ప బోటు ఇసుక దిగదు. ఆ తెల్లవారుజామున అందరి బోట్లూ వేటకు వెళ్లాయి, తాత బోటు ఒక్కటే ఒడ్డున ఉండిపోయింది.

పెద్దాయన విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత, "సవరణ రేపు వేద్దాం, రెండు లైన్లు. ఇవాళ మాత్రం నువ్వే వెళ్లు. నాలుగింటికి డ్యూటీలో ఉండు" అన్నారు.

బస్సులో గంటకు పైగా నిలబడి వెళ్లాను. క్షమాపణలో చెప్పాల్సిన అంశాలు ఐదు, వరసలో రాసుకున్నాను. ఒడ్డుకు చేరేసరికి వేట నుంచి తిరిగొచ్చిన మగవాళ్లు వలలు దులుపుతున్నారు. తాత తన బోటు పక్కన ఇసుకలో కూర్చుని సముద్రం వైపు చూస్తున్నాడు. ఆయనకీ మిగతావాళ్లకీ మధ్య ఇరవై అడుగుల దూరం ఉంది. ఆ ఇరవై అడుగులూ నేను తెచ్చిపెట్టినవే. మధ్యలో నిలబడి మొదటి అంశం మొదలుపెట్టాను. తాత సభకు వెళ్లలేదు, పేర్లు నేనే వేశాను, ఇక్కడికి రాకుండానే వేశాను అని చెప్పాను.

వల దులుపుతున్న ఒక కుర్రాడు నవ్వాడు. "సూడకుండా పేపర్లో రాత్తారేటి? తాత పంపించుంటాడు నిన్ను."

"నిజంగా నేనే రాశానండీ."

"నువ్వు నోటితో సెప్పినావు. అదేమో అచ్చులో ఉన్నాది. దేన్ని నమ్మమంటావు?"

అంశాల కాగితం తిరగేసి చూశాను. పత్రిక మీద ఇంత నమ్మకం ఉన్న పాఠకులను నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. (ఆ నమ్మకం సగం ఉన్నా మా సర్క్యులేషన్ విభాగం సుఖపడేది.) తాత తల తిప్పకుండానే అన్నాడు. "ఒగ్గీ బాబూ. నలబై ఏళ్లు నా మాట ఇన్నారు, ఒక్క కాయితంతో సరి. ఎలిపో, ఎండకి పడిపోతావు."

తిట్టినా బాగుండేది. ఏం చేయాలో తోచక, సంచిలోంచి పేపరు తీసి ఆ వార్తను గట్టిగా చదవడం మొదలుపెట్టాను. ఊళ్లో అందరూ తాత పేరు దగ్గరే ఆగి పేపరు విసిరికొట్టారట. నేను ఆగలేదు. ఒకటో పేరు, రెండో పేరు... ఆరో పేరు చదివాను.

చేపలు ఎండబెడుతున్న ఒక ముసలామె లేచి వచ్చింది. "మల్లీ సదువు బాబూ, ఆ కడపటి పేరు."

చదివాను.

"ఓలమ్మా! ఆడు పోయి ఏడాది దాటిపోనాది కదరా!" అంది. అది ఆమె మొగుడి పేరు.

నా పట్టిక పాత పేపర్లతో కట్టింది. అందులో పుట్టడమే ఉంది, పోవడం లేదు. ముసలామె ఏడుస్తుందనుకున్నాను. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని కుర్రాళ్ల వైపు తిరిగింది. "బతికున్నప్పుడు మీటింగంటే ఆడు మంచం దిగీవోడు కాదు. పోయాక ఎల్లినాడేటి? ఆడు ఎల్లినాడంటే తాతా ఎల్లినాడు. సెప్పండ్రా, ఆడు ఎల్లినాడేటి?"

ముందు నవ్వింది ఆ కుర్రాడే. తర్వాత ఒడ్డంతా నవ్వింది. నా జీవితంలో అంత పెద్ద తప్పు నన్ను అంతగా కాపాడిన సందర్భం మరొకటి లేదు. తాత మాత్రం నవ్వలేదు. లేచి పంచె దులుపుకుని, "నవ్వింది సాలు గానీ తొయ్యండ్రా, కెరటం బాగున్నాది" అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి భుజం పెట్టారు. నేనూ పెట్టాను. బోటు కదిలింది, నేను మాత్రం కెరటంలో బోర్లా పడ్డాను. "పేపరోడు తేలినాడా?" అని తాత బోటులోంచి అడగడం వినపడింది.

తడిసిన బట్టలతో బయల్దేరుతుంటే ముసలామె ఆపింది. "ఆ పేపరు నాకిచ్చీ బాబూ. ఆడి పేరు అంత శుబ్బరంగా అచ్చేసినారు." ఆమె చేతికిచ్చాను. చదవడం రాని ఆమెకు ఆ పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను. ఆమె తన వేలు అక్కడే ఉంచుకుని నడుచుకుంటూ వెళ్లింది.

మర్నాడు రెండు లైన్ల సవరణ వేశాం. తాత వెళ్లలేదని అందులో రాశాం. ఆరో పేరు జోలికి మేం పోలేదు. నాకు మనసొప్పలేదు, పెద్దాయనా అడగలేదు. ఇప్పుడు నేను ఆ ఉద్యోగంలో లేను, ఏ పట్టికనూ పూర్తిగా నమ్మే ఓపికా లేదు. కానీ ఆ మధ్యాహ్నం తిరుగు బస్సులో, ప్యాంటు నుంచి ఇసుక రాలుతుండగా, ఒక కుర్ర ఇంజినీరు ఒళ్లో కాగితం పెట్టుకుని పట్టికలో కొత్తగా చేర్చాల్సిన గడికి 'ఉన్నారా, లేరా' అని శ్రద్ధగా పేరు రాసుకున్నాడు. వాణ్ణి తలుచుకుంటే జాలేస్తుంది. అంత అలసటలోనూ గీతలు ఎంత తిన్నగా గీశాడో, వెధవ.