డ్రైసూట్‌కి ఆది

"వేడి దేశంలో పుట్టిన మనిషి కావడం వల్ల ఈమె శరీరం చన్నీటిని తట్టుకోలేకపోతోంది. చలికాలం పనుల్లో ఈమెను ఒడ్డున ఉంచడం మంచిది."

మా సూపర్‌వైజరు నా గురించి రిపోర్టులో టైపు చేసిన వాక్యాలివి. ఎనభైల మొదట్లో, ఒక జనవరిలో. ఆ సాయంత్రమే వాటిని ఉన్నదున్నట్టు డైరీలోకి ఎక్కించుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత ఆ పేజీ వెనక చెయ్యి పెట్టి చూస్తే, పెన్ను ఎంత గట్టిగా నొక్కానో ఇప్పటికీ వేలికి తగులుతోంది.

అప్పట్లో మేము పార్సిప్పనీ అనే ఊళ్లో ఒక అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లం. మావారు మందుల కంపెనీలో కెమిస్టు. నేను సరస్సుల నీళ్లు పరీక్షించే ప్రభుత్వ లాబొరేటరీలో పనిచేసేదాన్ని. మా బృందంలో నలుగురం: సూపర్‌వైజరు, ఇద్దరు మగ డైవర్లు, నేను. సరస్సు అడుగుకు దిగి, బురదకు జానెడు పైనున్న నీటిని సీసాల్లో పట్టి తేవడం డైవర్ల పని. ఈత నాకు చిన్నప్పుడు పంటకాలవలో వచ్చింది. సిలిండరు కట్టుకుని మునగడం ఇక్కడి యూనివర్సిటీ పూల్‌లో నేర్చుకున్నాను. రెండు వేసవులు ఎవరిచేతా ఒక్క మాట పడకుండా దిగాను, ఎక్కాను.

మూడో ఏడు చలికాలంలో కూడా దిగాలన్నారు. పైన మంచు గడ్డకట్టాక కొన్ని సరస్సుల్లో చేపలు చచ్చిపోతున్నాయి; అడుగు నీటిలో ప్రాణవాయువు ఎంత మిగులుతోందో తెలియాలి. మంచుకి రంపంతో కన్నం కోసి, నడుముకి తాడు కట్టుకుని దిగుతారు. ఒడ్డున ఒకరు ఆ తాడు పట్టుకుంటారు. దానికి మామూలు సూటు చాలదు, డ్రైసూట్ కావాలి. మెడ దగ్గరా మణికట్ల దగ్గరా పల్చటి రబ్బరు పట్టీలు ఒంటిని కరుచుకుని నీటిని లోపలికి రానివ్వవు. వెచ్చదనం సూటులో ఉండదు. లోపల తొడుక్కున్న బట్టలోనూ, ఆ బట్ట పట్టి ఉంచిన గాలిలోనూ ఉంటుంది. అందుకే కొలత సరిగ్గా ఉండాలి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అమ్మినవాడికి ముందే తెలుసు.

హైవే పక్కన డైవింగ్ షాపు ఉండేది. సూపర్‌వైజరు మా ముగ్గురినీ అక్కడికే తీసుకెళ్లాడు. మగవాళ్లిద్దరికీ చుట్టూ తిరిగి చూసి, వంగమని, చేతులెత్తమని, మరీ సూట్లు ఇచ్చాడు షాపాయన. నా వంతు వచ్చేసరికి కౌంటరు దాటి రాలేదు.

"ఆడవాళ్ల సైజు లేదా?" అన్నాను.

"అలాంటిది మా దగ్గర ఉండదమ్మా. ఇది మగవాళ్ల స్మాల్. ఇంతకన్నా చిన్నవి పెంగ్విన్లు వేసుకుంటాయి."

మావాళ్లు ముగ్గురూ నవ్వారు. నా ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. అది నవ్వవలసిన సంగతని అంతవరకూ నాకు తెలియదు. లోపలికి నూలు బనీను, నూలు పైజామా ఇచ్చాడు. ఐదు వేళ్ల గ్లవ్స్ ఇచ్చాడు. వాటి కొసలు నా వేళ్లు దాటి అంగుళం ఖాళీగా వేలాడాయి.

"వదులుగా ఉన్నాయి కదా?"

"వదులైతేనే మంచిది. చెయ్యి ఆడుతుంది."

మొదటి డైవ్ తర్వాత డైరీలో ఇలా రాసుకున్నాను: నీరు ముప్పై తొమ్మిది డిగ్రీల ఫారన్‌హీట్, గడ్డకట్టడానికి ఏడు డిగ్రీలే దూరం. ఆరో నిమిషంలో కుడి చేతి వేళ్ల స్పర్శ పోయింది, సీసా మూత తిరగలేదు. తొమ్మిదో నిమిషంలో ఎడమ పాదం బూటులోంచి జారింది. పదకొండో నిమిషంలో సూటులోని గాలంతా కాళ్లలోకి చేరి తలకిందులయ్యాను, తాడు లాగాను.

పైకి తీశాక పళ్లు టకటకలాడుతుంటే సూపర్‌వైజరు తన కోటు నా భుజాల మీద కప్పాడు. "నీ తప్పేం లేదు. మీ ఊళ్లో మంచే ఉండదుగా. చలికి ఓర్చుకోవడం పుట్టుకతో రావాలి" అన్నాడు. నా కోపం అంతా ఆ దయ మీదే. తిట్టి ఉంటే జవాబు చెప్పేదాన్ని. కోటు కప్పినవాడికి ఏమని చెబుతాం?

మూడు డైవ్‌లూ ఇదే తంతు. అదే నీటిలో, అదే రోజున, మిగతా ఇద్దరూ అరగంట దాటి ఉన్నారు. ఆ ఇద్దరిలో ఒకడు ఫ్లోరిడాలో పుట్టి పెరిగాడు. కాలేజీకి వచ్చేదాకా మంచు చూడలేదని అతనే చెప్పాడు. అతని రిపోర్టులో వేడి దేశం ఊసు లేదు. అతని సూటు అతనికి సరిపోయింది.

ఒక్క విషయంలో మాత్రం తప్పు నాది. నాలుగోసారి దిగబోతుంటే మెడ దగ్గరి రబ్బరు జిగటగా మారి చిరిగింది. షాపుకి పట్టుకెళ్తే షాపాయన వేలితో రుద్ది వాసన చూసి, "ఏం రాస్తున్నారు?" అన్నాడు. కొబ్బరినూనె. రోజూ తలకు పెట్టుకుని, జడ బిగించి, అదే మెడతో సూటులో దూరేదాన్ని. నూనె ఆ రబ్బరుని తినేస్తుందట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు, నిజమే. కానీ నేనూ అడగలేదు. దాన్ని నా తప్పుల కిందే రాసుకున్నాను. మిగతావి నావి కావు.

ఆ వారమే ఆ రిపోర్టు వచ్చింది. మార్చి వస్తే మంచు కరుగుతుంది. ఆలోగా చలినీటిలో పని చేయగలనని చూపించకపోతే, వచ్చే ఏడు నా చోటులో ఇంకొకరు వస్తారు. నేను వేసవికాలపు డైవరుగా మిగులుతాను. సూపర్‌వైజరు ఆ మాట దాచలేదు.

ఇంటికొచ్చి చెబితే మావారు, "పోనిద్దూ. ఒడ్డున కార్‌లో హీటర్ ఆన్ చేసుకుని హాయిగా కూర్చో. జీతం తగ్గించరుగా" అన్నారు. ఆ రోజు ఆయనకి పప్పు నేను వడ్డించలేదు.

మా అత్తగారు ఆరు నెలలు ఉండి వెళదామని తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ అంతా విని, "ఏదే అమ్మాయ్, ఆ చొక్కా ఒకసారి తొడుక్కో, చూద్దాం" అన్నారు. హాలు మధ్య సూటు వేసుకుని నిలబడ్డాను. నా చుట్టూ రెండుసార్లు తిరిగారు. చంక దగ్గర పట్టుకుని లాగితే పిడికెడు వచ్చింది. కాలి దగ్గర లాగితే రెండు పిడికెళ్లు వచ్చాయి.

"ఇది నీకు కుట్టింది కాదే. పక్కింటాయన విడిచింది."

"రెడీమేడ్ అత్తయ్యా. అందరూ ఇలాగే కొంటారు."

"పెళ్లిలో గంటసేపు కట్టుకునే జాకెట్టుకే ఆది ఇచ్చి కుట్టించుకుంటామే! ప్రాణం పెట్టుకుని నీళ్లలో దిగేదానికి రెడీమేడా? వాడికి ఆది పంపించు."

ఒంటికి చక్కగా అతికిన పాత జాకెట్టుని ఆదిగా ఇస్తే టైలరు దాన్ని చూసి కొత్తది కుడతాడు. నాకు పన్నెండో ఏటి నుంచి తెలిసిన పని. ఇంజనీర్ల మధ్య, షాపాయన చార్టుల మధ్య ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఆ కోపం నా మీద నాకే.

తర్వాత ఆవిడ లోపలి బట్ట పట్టుకుని చూశారు. "నూలా! కార్తీకంలో తెల్లారకుండా కాలవలో మునిగి, తడి చీరతో గుడిదాకా నడిచినదాన్ని. నూలు తడిస్తే ఎలా కొరుకుతుందో నన్నడుగు. మాది వేడి దేశమని రాశాడా? వాణ్ణి ఒక్క కార్తీకం రమ్మను!"

సూటులోకి నీరు రాకపోయినా లోపల చెమట ఉంటుంది. నూలు దాన్ని పీల్చుకుని ఒంటికే అంటిపెట్టుకుంటుంది. లైబ్రరీలో రెండు పుస్తకాలు వెతికితే అదే మాట ఉంది. నూలువి తీసేసి పల్చటి ఉన్ని బనీను, దాని మీద గొర్రెబొచ్చులా ఒత్తుగా ఉండే తొడుగు తెప్పించాను. అవి ఒంటి మీద ఉండగానే అత్తగారు కొలతలు తీశారు. నిలబెట్టి తీశారు, గొంతుక్కూర్చోబెట్టి తీశారు, చేతులెత్తించి తీశారు. "నీళ్లలో నిలబడే ఉంటావా ఏంటి?" నీలం పువ్వుల పాత దుప్పటి చించి, మెడ నుంచి మడమ దాకా ఒకటే ముక్కగా ఆది కుట్టారు. చేతుల కోసం కాగితం మీద నా అరచెయ్యి పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీశారు. దేశానికి అవతలి ఒడ్డున సూట్లు కుట్టే ఫ్యాక్టరీ ఒకటుంటే దానికి పార్శిల్ చేశాను.

వారానికి ఫోన్ వచ్చింది.

"అమ్మా, మీ పార్శిల్‌లో ఒక దుప్పటి వచ్చింది. దానికి కాళ్లూ చేతులూ ఉన్నాయి."

"అది నేనే. దాన్ని చూసి కుట్టండి."

"మాకు ఎత్తు, బరువు, షూ సైజు చెబితే చాలండీ."

"ఆ మూడూ చెప్పాకే నేను తలకిందులయ్యాను."

కాసేపు దుప్పటి తిరగేస్తున్న చప్పుడు. "మోకాలి దగ్గర ఇంత ఎక్కువ ఎందుకు వదిలారు?"

నేను తెలుగులో అడిగితే అత్తగారు వంటింట్లోంచి అరిచారు: "వంగడానికని చెప్పవే! వాళ్లు వంగరా?"

చెప్పాను. ఆయన నవ్వలేదు. "నిజమే" అన్నాడు. ఆ చలికాలమంతా ఈ విషయంలో నేను విన్న మర్యాదైన మాట అదొక్కటే.

గ్లవ్స్ మూడు వేళ్లవి అడిగాను: బొటనవేలికొకటి, చూపుడు వేలికొకటి, మిగతా మూడింటికీ కలిపి ఒకటి. పక్కపక్కనుంటే వేళ్లు ఒకదాన్నొకటి వెచ్చబెట్టుకుంటాయి. వాటితో మూతలు తిప్పలేరని షాపాయన వాదం. సూటు కన్నా ముందే అవి వచ్చాయి. స్నానాల తొట్టిలో నీళ్లు పోసి, ఐసు గుమ్మరించి, అవి తొడుక్కున్న చేతులు మోచేతుల దాకా ముంచి నలభైసార్లు మూత తీసి పెట్టాను. మావారు గడియారం పట్టుకుని పక్కన కూర్చున్నారు. పప్పు సంగతి ఆయనకి గుర్తుంది.

"మజ్జిగలోకి ఐసు ముక్క లేదు" అన్నారు.

"మీరు కార్‌లో హీటర్ వేసుకుని తాగండి" అన్నాను.

ఫిబ్రవరి ఆఖరి వారంలో సూటు వచ్చింది. తలకు నూనె మానేసి నెల దాటింది. అత్తగారు ఆ ఒక్కదానికే బాధపడ్డారు. సూపర్‌వైజరు మంచు మందం రెండుసార్లు కొలిచి, "ఒక్కసారికే" అన్నాడు.

డైరీలో ఇలా ఉంది: నీరు ముప్పై తొమ్మిది డిగ్రీల ఫారన్‌హీట్. ముప్పై నాలుగు నిమిషాలు. ఆరు సీసాలు. పాదాలు బూట్లలోనే ఉన్నాయి. పైకి వచ్చి, ఎవరి సాయం లేకుండా గ్లవ్స్ నేనే తీసుకున్నాను.

సూపర్‌వైజరు నిజంగా సంతోషించాడు. నా వీపు తట్టి, "చూశావా, అలవాటైపోయింది!" అన్నాడు.

కొత్త రిపోర్టులో కూడా అదే రాశాడు: "ఈమె శరీరం క్రమంగా చలికి అలవాటుపడింది. ఇక ఒడ్డున ఉంచనవసరం లేదు." నా చోటు నాకు దక్కింది. ఆ కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లాను.

"ఇది తప్పు. నా ఒళ్లు జనవరిలో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. మారింది సూటు."

"ఏదైతేనేం, దిగుతున్నావుగా? గెలిచాక కూడా కోపమేనా?"

"రేపు ఇంకో పొట్టి అమ్మాయి ఈ ఫైలు చూస్తే, వణుకుతూ అలవాటు చేసుకోమంటారు."

"రిపోర్టు పైకి వెళ్లిపోయింది" అని ఆయన కుర్చీ తిప్పుకున్నాడు.

నేను ఒక చిన్న కాగితం మీద నా మాట రాసి, సంతకం పెట్టి, ఫైలులోని నకలుకి గుండుసూదితో గుచ్చి వచ్చాను. ఏడేళ్ల తర్వాత ఆ ఉద్యోగం మానేసే ముందు ఫైలు అడిగి తీయించాను. రిపోర్టు మూలన గుండుసూది దిగి లేచిన రెండు కన్నాలున్నాయి. నా కాగితం లేదు.

కానీ ఏది రాసినా డైరీలో ఒక ప్రతి ఉంచుకోవడం నా అలవాటు. అందులో ఇలా ఉంది:

"ఈమెకు చలి అలవాటు కాలేదు. సూటు ఈమె కొలతకు కుట్టారు."