మూరెడు ఎడం

వీధి చివరి ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని కూర్చునే ఆవిడను అందరూ టైలరక్క అంటారు. ఆమె దగ్గర బట్టలు కుట్టించుకున్న వాళ్ళకు ఒకటే ఫిర్యాదు. కుట్టు లోపల గుడ్డ మరీ ఎక్కువ వదిలేస్తుందని. మిగతా టైలర్లు అర అంగుళం వదిలే చోట ఈవిడ అంగుళమున్నర వదిలి లోపలికి మడుస్తుంది. చొక్కాలో ఇంకో చొక్కా దాచిందని వీధిలో నవ్వుకుంటారు. నవ్వితే నవ్వనీ, పిల్లలు ఎదిగినా పెద్దలు ఒళ్ళు చేసినా ఆ నవ్విన వాళ్ళే మళ్ళీ ఆమె గుమ్మం ఎక్కుతారు. అంచుకు ఆనించి కుడితే ఏదైనా చిరుగుతుంది, కాస్త ఎడం ఉండాలి అన్నది ఆమె వాదం. కాదన్న వాళ్ళతో ఆ పూటంతా మాట్లాడదు.

ఆమె భర్త బస్సు డ్రైవరు. అంటే, ఒకప్పుడు. ఊరికి అవతల కంకర మిల్లు ఉంది. ఏళ్ళ తరబడి ఆ దారిలో బస్సు నడిపి ఆ దుమ్మంతా మింగాడు. ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఇక ఉద్యోగం మాట మర్చిపొమ్మని, దుమ్ము లేని చోట ఉండమని డాక్టరు చెప్పాడు. అదృష్టం కొద్దీ ఇంటి వెనకే కొండ, కొండ నిండా అడవి. మిల్లు వైపు నుంచి వచ్చే గాలిని ఆ చెట్లే ఆపుతాయి. ఆయన పొద్దంతా వెనక కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. అక్కడైతే నాలుగు మాటలు ఆయాసం లేకుండా ఆడగలడు. అందులో మూడు మాటలు పెళ్ళాన్ని ఆటపట్టించడానికే పోతాయి.

జబ్బు చేశాక మనిషి సగమైపోయాడు. ఖాకీ చొక్కాలు హేంగరుకు తగిలించినట్టు వేలాడుతుంటే ఆమె అన్నీ పట్టి కుట్టింది. కత్తెర మాత్రం వెయ్యలేదు. రెండు పక్కలా గుడ్డనంతా లోపలికి మడిచి కుట్టేసింది. పక్కటెముకల దగ్గర ఒత్తుకుంటోంది, కత్తిరించి పారెయ్యమని ఆయన ఎన్నిసార్లన్నా వినలేదు. ఉంటే మీకేం అడ్డం, కూడు అడుగుతోందా అని దబాయించింది.

అలాంటి ఇంటికి పిడుగులాంటి కబురొచ్చింది. వెనక కొండను క్వారీకి ఇస్తున్నారట. చెట్లు కొట్టేసి, రాయి పేల్చి, అక్కడికక్కడే కంకర ఆడిస్తారట. పంచాయతీ ఆఫీసు గోడ మీద కాగితం కూడా అంటించారు. టైలరక్క ఆ కాగితం చదువుకుని ఇంటికొచ్చి, మిషను ముందు కూర్చుని, సూదిలో దారం ఎక్కించలేకపోయింది. ఇల్లు అమ్ముకుని పోదామంటే క్వారీ పక్క ఇల్లు కొనే వెర్రివాడెవడు? ఇక్కడే ఉంటే ఆ మనిషి ఒక్క ఏడాది బతకడు. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు.

రిటైరైన లెక్కల మాస్టారు ఒక దారి కనిపెట్టాడు. చాలా అరుదైన మొక్క ఒకటి ఆ కొండ మీద ఉండేదని పాత పుస్తకంలో ఉందట. దుంపలోంచి వానాకాలంలో ఒకే ఒక్క ఆకు పైకి వస్తుంది, కొన్ని వారాలుండి మాయమవుతుంది. అది ఇప్పటికీ అక్కడ బతికి ఉందని అటవీ శాఖ ఆఫీసరు తన కళ్ళతో చూసి రాస్తే క్వారీ ఆగిపోతుంది. దాని శాస్త్రీయ నామం ఎవరి నోరూ తిరగనిది. ఆకు నిక్కబొడుచుకున్న చెవిలా ఉంటుంది కాబట్టి నక్కచెవి అని పేరు పెట్టేసుకున్నారు.

వెతకడానికి మందులషాపు కాంపౌండరు, పోస్టాఫీసు గుమాస్తా, ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ముందుకొచ్చారు. వాళ్ళకు మొక్కలంటే ప్రాణం. టైలరక్కకు అలాంటిదేమీ లేదు, ఆమె ఇంట్లో తులసి కుండీ కూడా ఉండదు. అయినా మొదటి ఆదివారమే రబ్బరు చెప్పులేసుకుని తయారైంది. ఆమెకు కావలసింది నక్కచెవి కాదు, ఆయన ఊపిరి.

వెతకడమంటే వినోదం అనుకునేరు. చేతులు చాపితే ఒకరికొకరు తగిలేంత దూరంలో వరసగా నిలబడి, కర్రతో గడ్డి పాయలు తీసుకుంటూ అంగుళం అంగుళం జరగాలి. నడుములు పడిపోతాయి, జలగలు పడతాయి, మాస్టారు వెనకనుంచి స్కూల్లో లాగానే అదిలిస్తుంటాడు. మూడు ఆదివారాలు గడ్డి తప్ప ఏమీ దొరకలేదు. నాలుగోసారి కాలేజీ అమ్మాయి ఒకతి కెవ్వుమంది. పాము అనుకుని అందరూ పరిగెత్తారు. నక్కచెవి! చూస్తే ఏముంది, అరచేతంత ఆకు, అదీ గడ్డి రంగులోనే. దాని ముందు ఆరుగురూ మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. టైలరక్కకైతే ప్రాణం లేచొచ్చింది.

ఆ తరవాత కన్ను అలవాటు పడి, ఇక్కడొకటి అక్కడొకటి కనిపించసాగాయి. మళ్ళీ గుర్తు పట్టాలంటే జెండాలు కావాలన్నాడు మాస్టారు. ఎవరో వద్దనుకున్న కర్టెను గుడ్డ, మంచి నారింజ రంగుది, టైలరక్క దగ్గర పడి ఉంది. దాంతో చిన్నచిన్న జెండాలు కుట్టి ఇనపకడ్డీలకు తొడిగింది. అంచులు కూడా మడిచి కుట్టింది. ఊరికే చింపి కట్టినా చాలమ్మా అని మాస్టారు అంటే, దారాలూడే పని తన చేతి కింద జరగదని చెప్పింది. జెండాలు అంత దూరానికీ ధగధగలాడుతుంటే ఆమెకు కాస్త గర్వం కూడా కలిగిందని చెప్పాలి.

గొడవంతా జెండా ఎక్కడ పాతాలన్న దగ్గర వచ్చింది. అందరూ మొక్కను ఆనించి పాతారు. కొండ పైన పెద్ద బండల చెంత దొరికిన మొక్కలకు జెండాలు పాతే పని టైలరక్కది. ఆమె మూరెడు కిందకు, వాలు వైపున పాతింది. అది చూసి మాస్టారుకు కోపం వచ్చింది.

"జెండా ఒకచోటా, మొక్క ఒకచోటా ఉంటే ఆఫీసరుకేం చూపిస్తామమ్మా? గడ్డి చూపిస్తామా?"

"మొక్క మెడ మీద కడ్డీ గుచ్చమంటారా మాస్టారూ? కింద దుంప ఉంటుందని మీరేగా చెప్పారు. ఎడం ఉంటే మంచిది."

ఎడం చొక్కాలకు ఉండాలిగానీ జెండాలకు కాదని, వచ్చే వారంలోగా మార్చెయ్యమని మాస్టారు గట్టిగా చెప్పాడు. అందరూ నవ్వారు. ఆమె సరేనంది. ఆ వారం స్కూలు యూనిఫారాలు మీద పడ్డాయి, కొండెక్కడానికి తీరలేదు. నిజం చెప్పాలంటే, తీరినా ఎక్కేది కాదు.

ఆఫీసరు వస్తానన్న వారంలోనే గాలి మారింది. మిల్లు దుమ్ము ఆ కొండను కూడా చుట్టుకుని వచ్చింది. ఆఫీసరు వచ్చిన రోజు పొద్దున్న భర్త కిటికీ మూసుకుని కూర్చుని మందు పీలుస్తున్నాడు. మాట పెగలడం లేదు. ఆమె గుమ్మం దగ్గర తటపటాయిస్తుంటే, వెళ్ళు వెళ్ళు అని చేత్తో తోలినట్టు సైగ చేశాడు. వెళ్ళింది.

ఆఫీసరు టోపీ పెట్టుకున్న ఒక నడివయసు మనిషి, తక్కువ మాటల ఆవిడ. మాస్టారు ఆవిడకు దారి చూపిస్తూ ఉత్సాహంగా మొదటి జెండా దగ్గరకు తీసుకెళ్ళి ఆగిపోయాడు. జెండా పడిపోయి ఉంది. పక్కన గుంట. గుంటలో తెల్లని వేళ్ళ తుంపులు. రెండో జెండా దగ్గరా అంతే, ఆ పైదాని దగ్గరా అంతే. ఎవరో రాత్రికి రాత్రి వచ్చి జెండా జెండాకూ పలుగేసి తవ్వుకుపోయారు. క్వారీ వాళ్ళ పనని గుమాస్తా, దుంపలు అమ్ముకునే వాళ్ళ పనని కాంపౌండరు వాదించుకున్నారు. ఎవరైతేనేం, మొక్కలు పోయాయి.

ఆ నారింజ రంగు కింది రోడ్డు మీదికి కూడా కనబడుతుందని ఒకమ్మాయి గొణిగింది. టైలరక్కకు వినపడింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది. తన గుడ్డ, తన కుట్టు. ఏ మొక్క ఎక్కడుందో దొంగలకు చేజేతులా చూపించింది తనే. ఇంటి దగ్గర మూసిన కిటికీ గుర్తొచ్చింది. ఇంటికెళ్ళి ఆయన మొహం ఎలా చూడాలో తెలియలేదు.

మాస్టారు ఫోన్లో ఫొటోలు తీసి చూపించాడు. ఆఫీసరు చూసింది, బాగున్నాయంది. "కానీ ఫొటో చూసి నేను రాయలేనండీ. మొక్క నేల మీద నాకు కనిపించాలి." ఇంకా ఎక్కడైనా ఉన్నాయా అని అడిగింది. బండల దగ్గర ఉన్నాయని, అవీ పోయే ఉంటాయని మాస్టారు నీరసంగా చెప్పాడు.

పోయినట్టే ఉన్నాయి. అక్కడా జెండాలు పడి ఉన్నాయి, అక్కడా గుంటలే. మాస్టారు ఒక రాయి మీద కూలబడ్డాడు. ఆఫీసరు గడియారం చూసుకుంది. టైలరక్క మాత్రం ఆ గుంటల మీదికి వంగి నిలబడింది. కింది గుంటల్లో తెల్లని తుంపులున్నాయి. వీటిలో లేవు. ఉత్త గడ్డివేళ్ళు, మట్టి. పైగా ఈ గుంటలు మరీ లోతుగా తవ్వారు, పాపం, దుంప దొరక్క ఎంత కసి పుట్టిందో.

ఆమె గబుక్కున మోకాళ్ళ మీద కూలబడింది. గుంట అంచున మోచెయ్యి ఆనించి చెయ్యి కొండ పైకి చాపింది. వేళ్ళ కొసలు ఆగిన చోట గడ్డి పాయ తీసింది. నక్కచెవి. గీత కూడా పడలేదు. ఆమె లేవకుండానే పక్క గుంట దగ్గరకు పాకింది. అక్కడా ఉంది. మూడోదాని దగ్గరకు మాస్టారే ముందు చేరుకుని గడ్డి పాయ తీశాడు, అదీ ఉంది.

ఆఫీసరు కొలిచింది, ఫొటోలు తీసుకుంది, చాలాసేపు రాసుకుంది. ఇవి చాలని చెప్పింది. అప్పుడు మాస్టారు టైలరక్క వైపు తిరిగాడు.

"జెండాలు మార్చమన్నాను కదమ్మా. మర్చిపోయావా?"

"మర్చిపోలేదు మాస్టారూ. మీ మాట వినబుద్ధి కాలేదు."

ఆఫీసరు నవ్వింది. ఆవిడతో పాటు అందరూ నవ్వారు. టైలరక్క నవ్వలేదు, ఏడ్చింది. కింద పోయిన మొక్కల కోసమో, మిగిలిన వాటి కోసమో, మూసిన కిటికీ కోసమో, అన్నీ కలిసే వచ్చాయి. దిగేటప్పుడు పడి ఉన్న జెండాలన్నీ ఏరి సంచిలో వేసుకుంది. మళ్ళీ జెండా అన్న మాట ఆ గుంపులో ఎవరూ ఎత్తలేదు. మొండితనం మంచిదని చెప్పడానికి ఈ కథ చెప్పడం లేదు. ఆమె జెండాలు అంత బాగా కుట్టకపోయి ఉంటే కింది మొక్కలు కూడా ఉండేవి. ఆ సంగతి ఆమే అందరికంటే ముందు చెబుతుంది.

క్వారీ కాగితం గోడ మీద నుంచి తీసేసేసరికి చలికాలం వచ్చింది. అంతలో మిల్లు వైపు గాలి కూడా మళ్ళిపోయింది. కొండ కొండలాగే ఉంది. కిటికీ తెరిచి ఉంటోంది. ఆయనకు ఆకలి పుట్టింది, తిన్నది ఒంటబట్టడం మొదలైంది. ఒకరోజు ఎక్కడికో బయల్దేరుతూ ఖాకీ చొక్కా వేసుకుని ముందుగదిలోకి వచ్చాడు. బొత్తాలు అందడం లేదు.

"ఏమోయ్, ఇది ఇక మసిగుడ్డకు పనికొస్తుంది, తీసుకో."

ఆమె చొక్కా విప్పించి ఒళ్ళో వేసుకుంది. బ్లేడుతో పక్క కుట్లు ఒక్కొక్కటే తెంపింది. లోపలి మడత విచ్చుకుంది. ఎండ తగలని గుడ్డ కదా, వెలిసిన ఖాకీ పక్కన కొన్ననాటి రంగుతో మెరుస్తోంది. ఆయన వంగి ఆ కొత్త రంగును వేలితో తడిమి చూశాడు.

"కత్తిరించి పారెయ్యమని అప్పుడు ఎన్నిసార్లు చెప్పాను! ఎందుకు వినలేదు?"

ఆమె తలెత్తలేదు. "అప్పుడు కత్తిరిస్తే, మీరు ఇక కోలుకోరని నేను ఒప్పుకున్నట్టే కదండీ."

ఆయన చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు. ఆమె మెడలోంచి టేపు తీసి, ఆయన ఛాతీ చుట్టూ వేసి, కొలత చూసుకుంది. తరవాత దానికి ఇంకో అంగుళమున్నర కలుపుకుంది.