సుశీలక్క లాప్‌టాప్‌లోని చిప్పు

ఇబ్రహీంపట్నంలోని నా లాప్‌టాప్ రిపేరు షాపులో, సోల్డరింగ్‌కి రాసే ఫ్లక్స్ కరిగి సన్నగా పొగ లేచినప్పుడల్లా గుగ్గిలం లాంటి వాసన వస్తుంది. కస్టమర్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం సుశీలక్క గుర్తొస్తుంది. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సందులో, మెట్లెక్కి పైకి వెళితే ఆమె లాప్‌టాప్ రిపేరు షాపు. యాభై దాటిన మనిషి, కొంగు నడుముకు బిగించి మైక్రోస్కోపు ముందు కూర్చునేది. చిప్పులు మార్చడం ఆడవాళ్ళ పని కాదనే మగవాళ్ళే, తమవల్ల కాని బోర్డులు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టేవారు. అది చూసినప్పుడల్లా నాకెంత గర్వంగా ఉండేదో!

నేను బందరు వైపు చేపల వ్యాపారం చేసే ఇంటిదాన్ని. డిప్లొమా చేశాను, నోరు పెద్దది, ఓపిక తక్కువ. ఆమె దగ్గర పనికి చేరిన కొత్తలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే చెయ్యి గడగడా వణికేది. "చిటికెన వేలు బల్లకి ఆనించమ్మాయ్. చెయ్యి గాల్లో ఉంటే ఎవరికైనా వణుకుద్ది" అనేది. ఆమె షాపులో ఒకటే కట్టుబాటు: చిప్పు డబ్బాలోంచి బయటికి తీశామంటే ఫ్యాన్ ఆగిపోవాల్సిందే. బియ్యపు గింజంత ముక్క, గాలికి ఎగిరిందంటే ఇక అంతే సంగతులు. విజయవాడ మే నెలలో ఫ్యాన్ లేకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుసు.

అలాంటి ఒక మే నెల మధ్యాహ్నం చల్లపల్లి నుంచి ఒక రీసెర్చ్ అమ్మాయి ఏడుస్తూ వచ్చింది. లాప్‌టాప్ ఆన్ కావడం లేదు. నాలుగేళ్ళ థీసిస్ అందులోనే ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు, మర్నాడు పొద్దున్నే ఇచ్చెయ్యాలి. స్టోరేజీ కూడా ఆ మదర్‌బోర్డుకే అతికి ఉంది, బోర్డు మారిస్తే థీసిస్ పోయినట్టే. సుశీలక్క మీటరు పెట్టి చూసి, ఛార్జింగ్ చిప్పు కాలిందని తేల్చింది. అలాంటిది షాపులో ఒక్కటే ఉంది. "ఇది నువ్వు చెయ్యి" అంది నాతో.

కాలిన చిప్పును వేడిగాలితో శుభ్రంగా లేపాను. కొత్తది తీసి కాగితం మీద పెట్టాను. కళ్ళలోకి చెమట దిగుతోంది. ఒక్క నిమిషమే కదా అని, బుద్ధి గడ్డి తిని, లేచి ఫ్యాన్ స్విచ్ వేశాను. తిరిగి చూసేసరికి కాగితమూ లేదు, చిప్పూ లేదు. ముగ్గురం ఫోన్ లైట్లు పట్టుకుని మోకాళ్ళ మీద నేలంతా వెతికాం. దొరకలేదు. ఇంకొకటి హైదరాబాదు నుంచి రావాలంటే రెండు రోజులు.

"నావల్ల కాదక్కా, మీరే ఏదోటి చెయ్యండి" అన్నాను బల్లకి దూరంగా జరిగి.

ఆమె తిట్టలేదు. షాపు పనంతా నడిచే తన సొంత లాప్‌టాప్ తెచ్చి నా ముందు బోర్లించింది. "దీంట్లోనూ అదే చిప్పుంది. లేపి, ఆ పిల్లదానికెయ్యి."

"మీదా? పాడుచేస్తేనో?"

"పాడైతే నాది పోద్ది. ఇప్పుడు నేను చేస్తే, రేపట్నుంచి నువ్వీ బల్ల దగ్గరికి రావు. కూర్చో."

కూర్చున్నాను. ఆమె లాప్‌టాప్‌లోని చిప్పును లేపి ఆ అమ్మాయి బోర్డు మీదికి తెచ్చాను. సీసం కరిగిన క్షణాన చిప్పు తనంతట తానే కాస్త కదిలి సరిగ్గా తన చోట్లో సర్దుకుంది. పవర్ నొక్కాను. లైటు వెలిగింది, స్క్రీన్ వచ్చింది. ఆ అమ్మాయి ఫైలు తెరిచి, "ఉందండీ! మొత్తం ఉందండీ!" అంటూ నన్ను వాటేసుకుంది. నేను వేసిన కేకకు కింద టీకొట్టు వాళ్ళు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు. జన్మలో అంత సంతోషం ఎరగను.

మూత బిగించబోతుంటే సుశీలక్క మార్కరు అందించింది. "లోపల నీ పేరు రాయి."

"లోపల ఎవరు చూస్తారక్కా?"

"ఎవరూ చూడరు. రేపు చెడితే ఎవర్ని అడగాలో తెలియాలి కదా."

చిప్పును పోగొట్టిన పూటే, ఆ చేత్తోనే నా పేరు రాయించింది. రెండు రోజులకు కొత్త చిప్పు వస్తే, తన లాప్‌టాప్ కూడా నాచేతే చేయించి అందులోనూ రాయించింది. ఈ డెల్టాలో ఎన్ని లాప్‌టాప్‌ల మూతల కింద నా పేరుందో ఇప్పుడు నాకే తెలియదు. ఎప్పుడైనా ఒకటి చెడిపోయి తిరిగొస్తే సాకులు వెతకను. "నేనే చేశానండీ. మళ్ళీ నేనే చేస్తాను" అంటాను.