మోరోవర్ మాస్టారి శిష్యురాలు

ఆ రోజుల్లో మనిషి తాను మనిషినని కాయితాల మీద రుజువు చేసుకోనక్కర్లేదు. ఆ రోజులంటే మరీ తాతముత్తాతల కాలమేమీ కాదు, మొన్నమొన్నటి సంగతే. అయినా క్లాసులో "మా కాలంలో" అని మొదలుపెడితే చాలు, నాకేదో పండుముసలితనం వచ్చినట్టు పిల్లలు జాలిగా చూస్తారు. నా కాలానికీ వాళ్ళ కాలానికీ మధ్య మహా అయితే నాలుగు ఫోన్లు మారి ఉంటాయి. ఆ నాలుగు ఫోన్లు మారేలోపే లోకం తలకిందులైంది. పరిశోధన అంటే ఊళ్ళు తిరగడం, ఎండలో మాడటం, "నీకేం పనీపాటా లేదా అమ్మాయ్" అని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకోవడం అనుకునేవాళ్ళం మేము. ఇప్పుడది కుర్చీలోంచి లేవకుండా, టీ చల్లారేలోపు అయిపోయే పని. అభివృద్ధి అంటే అదే మరి, కాదనడానికి నేనెవర్ని? సాక్షాత్తూ ఒక విశ్వవిద్యాలయమే నన్ను మనిషిని కాదని తేల్చింది. ఆ ముచ్చటే చెప్పబోతున్నాను.

మాచర్లలో మాది స్టీలు సామాన్ల కొట్టు. బిందెల మధ్య పెరిగిన నేను గుంటూరు వైపు ఒక విశ్వవిద్యాలయంలో కామర్సు పీహెచ్‌డీకి చేరాను. పల్నాడు చిల్లర కొట్లలో డిజిటల్ చెల్లింపులు నా విషయం. గురజాల, వెల్దుర్తి, అచ్చంపేట, ఏ ఊళ్ళో కొట్టు కనపడితే ఆ కొట్టు మెట్లు ఎక్కి, బేరం చేయడానికి వచ్చాననుకుని సంబరపడిన కొట్టాయన మొహం ప్రశ్నలు మొదలుపెట్టగానే ఎలా వాడిపోతుందో చూసి వచ్చేదాన్ని. అన్ని ఊళ్ళ గోడల మీదా స్కానర్లు, డబ్బు పడగానే పలికే పెట్టెలు పరిశీలించిన నాకు, మా కొట్టు గోడ మీద మాత్రం క్యాలెండర్ తప్ప ఇంకేమీ కనపడేది కాదు. ఎందుకు పెట్టవని నాన్నను అడిగితే, "ఆ పెట్టె డబ్బులొచ్చాయని అరుస్తది. మడిసి వచ్చాడని ఎవురు అరుస్తారే?" అని బిందె తుడుచుకోవడంలో పడిపోయేవాడు. గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించుకున్నాను. ఆ నెలాఖరులోగా థీసిస్ సమర్పించకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దు. నరసరావుపేటలో ఒక కాలేజీవాళ్ళు నా కోసం అట్టిపెట్టిన లెక్చరర్ ఉద్యోగం కూడా దాంతోపాటే గోవిందా. అప్పుడిక నాకు మిగిలేది కొట్లో నాన్న పక్కన ఇంకో స్టూలు, జీవితాంతం బిందెలు.

ఇక్కడ మోరోవర్ మాస్టారి గురించి చెప్పాలి. మాచర్లలో ఒక తరం మొత్తానికి ఇంగ్లీషు నేర్పింది ఆయనగారి వరండాయే. ఆవు మీద రాయమన్నా, అణుశక్తి మీద రాయమన్నా ఆయన దగ్గర చట్రం ఒక్కటే. మొదటి వాక్యం "ఇన్ టుడేస్ ఫాస్ట్ మూవింగ్ వరల్డ్" కావాలి. తర్వాత మూడు పాయింట్లు, మూడూ తూకం వేసినట్టు ఒకే పొడుగు. రెండో పాయింటు "మోరోవర్" అని మొదలు కాకపోతే బెత్తం లేచేది. ప్రపంచంలో ప్రతి వస్తువూ "క్రూషియల్ రోల్" పోషించాలి (మా వ్యాసాల్లో ఆవు కూడా పోషించేది). ఎక్కడో ఒకచోట లోతుగా తవ్వుతున్నామంటూ "డెల్వ్" అనే మాట పడాలి, చివర "ఇన్ కన్‌క్లూజన్" అంటూ ఎవరినీ నొప్పించకుండా ముగించాలి. పొరపాటున ఎవరైనా మా ఇంట్లో ఇలా జరిగిందని సొంత సంగతి రాశారో, ఎర్ర కలంతో అడ్డంగా కొట్టేసి, "నీ గోల ఎవరిక్కావాలి?" అనేవారు. ఆ దెబ్బతో మేమందరం సొంత గోల మానుకుని, ఫస్టు క్లాసుల్లో పాసయ్యాం.

ఇక అసలు కథ. థీసిస్ తీసుకునే ముందు దాన్ని ఒక సాఫ్ట్‌వేర్‌లో వేసి, రాసింది మనిషా, కృత్రిమ మేధా అని తేల్చాలని విశ్వవిద్యాలయం వారు కొత్తగా నిబంధన పెట్టారు. యంత్రం రాసిందని అనుమానం వచ్చిన వాక్యాలను ఆ సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపిస్తుంది. నా థీసిస్ వేశారు. తెర మీద మిర్చి ఆరబోసిన కల్లంలా పరుచుకుంది ఎరుపు. చేరిన నాటి నుంచి నా థీసిస్‌లో ఒక్క పేజీ కూడా తిప్పి చూడని మా గైడ్ గారు, ఆ రిపోర్టును మాత్రం అక్షరం పొల్లుపోకుండా చదివారు. నేనే రాశాను సార్ అని మొత్తుకున్నాను. చేత్తో రాసుకున్న చిత్తుప్రతుల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాను. తెర మీద చూసి చేత్తో దించుకుని ఉండొచ్చు కదా అన్నారాయన. పైగా, "మిషన్ అబద్ధం చెప్పదు గదమ్మా" అని ఓదార్చారు కూడా. నేను చెబుతానన్నమాట!

సరిగ్గా ఆ వారమే మా తోటి పరిశోధకుడు ఒకాయన థీసిస్ మచ్చలేని మనిషి రచనగా బయటపడింది. ఆయన్ని మేము ఎక్స్‌ప్రెస్ అన్న అనేవాళ్ళం. సర్వే పేరిట ఆయన బస్టాండు దాటిన పాపాన పోలేదు. మొదటి యంత్రం చేత థీసిస్ రాయించాడు. ఆ రాసినదాంట్లో అక్కడక్కడ తడబాట్లు చల్లి మనిషి వాసన తెప్పించే రెండో యంత్రం ఉందట, దాంట్లో వేశాడు. మూడో యంత్రం దాన్ని చదివి శభాష్, ఇది మనిషే అంది. మొత్తం వ్యవహారంలో మనిషన్నవాడు వేలు పెట్టింది బటన్ నొక్కడానికే. నన్ను చూసి ఆయనకు నిజంగానే జాలేసింది. "నువ్వే కూర్చుని రాసుకుంటే ఇట్టాగే ఉంటది చెల్లెమ్మా. దాంట్లో వెయ్యి, నిన్ను కూడా మనిషిని చేస్తది" అన్నాడు. నేను రాసింది నేను రాసినట్టు కనపడాలంటే యంత్రం సాయం పట్టాలట! ఒళ్ళు మండిపోయింది. నా బతుకు తగలబడినా సరే ఆ పని చేయనని వచ్చేశాను. (అలా అన్నాక ఆ రాత్రంతా ఆ యంత్రం పేరు గుర్తు చేసుకుంటూనే ఉన్నాను, అది వేరే సంగతి.)

మా విభాగానికి అధిపతిని పెద్ద సారు అనేవాళ్ళం. ఆయన దయతలచి, సోమవారం కమిటీ ముందుకు వచ్చి నువ్వే రాశావని రుజువు చూపించు, లేకపోతే ఇక ఇంతే సంగతులు అన్నారు. మాచర్ల బస్సెక్కి, ఒళ్ళో రిపోర్టు పెట్టుకుని, ఏ రుజువు చూపించాలో తెలీక ఆ ఎర్ర వాక్యాల వంకే చూస్తూ కూర్చున్నాను. గురజాల దాటుతుండగా ఉన్నట్టుండి వెలిగింది. ప్రతి ఎర్ర పేరా రెండో పాయింటు దగ్గర "మోరోవర్". ప్రతి అధ్యాయంలో ఒక "డెల్వ్". మా నాన్న బిందెలు కూడా క్రూషియల్ రోల్ పోషిస్తున్నాయి. ఓరి నాయనో, యంత్రం పట్టుకుంది నన్ను కాదు, మాస్టారి వరండాని!

బస్సు దిగి నేరుగా మాస్టారి ఇంటికి పోయాను. వరండా ఖాళీగా ఉంది. పిల్లలందరూ ఫోన్లలో యాప్‌లు పెట్టుకుని చదువుతున్నారని, రెండేళ్ళుగా ఎవరూ రావడం లేదని మాస్టారి భార్య చెప్పారు. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని రిపోర్టు మొత్తం తిరగేశారు. ఆయన మొహంలో ఆశ్చర్యం. "ఈ ఎర్రగా గీసిందెవరే? ఎక్కడ గీయాలో చానా బాగా తెలిసినోడే. కానీ అన్నీ ఒప్పుల మీద గీశాడేంది?" అని అడిగారు. గీసింది మనిషి కాదని, ఒప్పుగా ఉండటమే నా నేరమని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. సోమవారం తెల్లవారేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో ఎర్ర కలం, నల్ల కలం రెండూ పెట్టుకుని, నాకంటే ముందే బస్టాండులో నిలబడి ఉన్నారు.

కమిటీ గదిలోకి మాస్టారు అడుగుపెట్టగానే మా గైడ్ గారు దిగ్గున లేచి నిలబడ్డారు. ఆయనదీ మాచర్లే, ఆయనా ఆ వరండాలో బెత్తం తిన్నవారే. మాస్టారు కూర్చోమంటే గానీ కూర్చోలేదు. పెద్ద సారు నవ్వుతూ, కృత్రిమ మేధ, విద్య అనే విషయం మీద ఒక పేజీ రాసివ్వమన్నారు. కలం ఎత్తకుండా రాసేశారు మాస్టారు. ఆవు తీసేసి కృత్రిమ మేధ పెట్టారు, అంతే తేడా. పెద్ద సారు ఫోనుతో ఫొటో తీసి సాఫ్ట్‌వేర్‌లో వేశారు. మొదటి అక్షరం నుంచి ఆఖరి చుక్క దాకా ఎరుపు. మా కళ్ళెదుటే, సిరా ఇంకా ఆరని కాయితం మీద! మాస్టారు తెర వైపు వంగి చూసి, "అయితే ఆ మిషను కూడా మన వరండాలో చదివిందే అన్నమాట" అన్నారు.

అయినా పెద్ద సారు అంత తేలిగ్గా వదిలే రకం కాదు. మాస్టారు రాసింది సరే, ఈ అమ్మాయి రాసిందని గ్యారంటీ ఏంటి అన్నారు. అప్పుడు మాస్టారి చూపు బీరువాలో బంగారు అక్షరాలతో మెరుస్తున్న ఒక పాత థీసిస్ మీద పడింది. అది మా గైడ్ గారిది. మాచర్లలో కంప్యూటరంటే టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ అద్దాల గదిలో, చెప్పులు విప్పి దర్శనం చేసుకునే దేవుడిగా ఉన్న రోజుల్లో రాసింది. "ఒరేయ్, అది నేను దిద్దిందే గదరా. దాన్ని కూడా వేసి చూడండి" అన్నారు మాస్టారు. గైడ్ గారు అది పాతదని, కాయితాలు చిరిగిపోతాయని, దుమ్ముంటుందని ఏవేవో చెప్పబోయారు. ఈలోపే పెద్ద సారు ఒక పేజీ తెరిచి ఫొటో తీశారు. ఎరుపు! ఆ తర్వాత గైడ్ గారి మొహానికీ తెరకీ పెద్ద తేడా లేదు.

అప్పటిదాకా అబద్ధం చెప్పని మిషనుకు ఆ క్షణం నుంచి సాంకేతిక పరిమితులు వచ్చాయి. నా థీసిస్‌ను యథాతథంగా స్వీకరించవచ్చని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. గైడ్ గారే దగ్గరుండి సంతకాలు పెట్టించారు. ఆ తీర్మానం పెద్ద సారు ఇంగ్లీషులో రాశారు. రెండో పేరా "మోరోవర్" అని మొదలైంది.

తిరుగు ప్రయాణంలో సత్తెనపల్లిలో బస్సు ఆగితే టీ తాగడానికి దిగాం. మాస్టారు సంబరంగా ఉంటారనుకున్నాను, కానీ ఆయన టీ గ్లాసు పక్కన పెట్టేశారు. రిపోర్టు ఇటివ్వమని తీసుకుని, పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగిపోయారు. థీసిస్ మొత్తంలో ఎరుపు లేని పేజీ అదొక్కటే. ముందుమాటలో కృతజ్ఞతలు. ఆఖరి నిమిషంలో కొట్లో బిందెల మధ్య కూర్చుని తోచినట్టు గిలికాను దాన్ని. మా నాన్నకు నా పరిశోధన మీద నమ్మకం లేదని, డబ్బులొచ్చాయని అరిచే పెట్టె మనిషి వచ్చాడని అరవదని ఆయన అంటాడని, నేనిన్ని ఊళ్ళు తిరిగి ఇన్ని పేజీలు రాసినా ఆ మాటకు జవాబు దొరకలేదని రాశాను. మాస్టారి చెయ్యి అలవాటు కొద్దీ జేబులో ఎర్ర కలం మీదికి పోయింది. మూత కూడా తీశారు. మళ్ళీ ఒకసారి చదివారు. "దీనికి మొదలు లేదు, పాయింట్లు లేవు, కన్‌క్లూజన్ లేదు. నా దగ్గరైతే అడ్డంగా కొట్టేసేవాణ్ణి" అన్నారు. కలం మూత పెట్టేసి, "ఒక్కళ్ళనన్నా ఇట్టా రాయనిచ్చుంటే బాగుండేదే" అన్నారు. నేను ఆయనకు ఇంకో టీ చెప్పాను.

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నరసరావుపేటలో నా బల్ల మీదికి రోజూ కట్టలు కట్టలుగా ప్రాజెక్టులు వస్తాయి. అన్నీ వేగంగా పరుగెత్తే ప్రపంచంలోనే మొదలవుతాయి, అన్నీ ఎవరినీ నొప్పించకుండా ముగుస్తాయి. మా కాలేజీ కూడా ఆ సాఫ్ట్‌వేర్ కొన్నది, నేను దాని జోలికి పోను. నా ఎర్ర కలం నాకుంది. మొన్న క్వారీ కార్మికుల ఆరోగ్యం మీద ఒక పిల్ల ఇచ్చిన ప్రాజెక్టు దిద్దుతున్నాను. మూడు పాయింట్లు, మోరోవర్, అంతా సక్రమంగానే ఉంది. మధ్యలో హఠాత్తుగా ఒక వాక్యం: మా నాన్నకు రాళ్ళ మిషన్ల హోరులో చెవులు పోయాయి, ఏం చెప్పినా అరిచే చెప్పాలి, అందుకే మా ఇంట్లో రహస్యాలు ఉండవు. ముందూ లేదు, వెనకా లేదు. నా చెయ్యి దానంతటదే లేచింది. అడ్డంగా కొట్టేసి, పక్కన "నీ గోల ఎవరిక్కావాలి?" అని రాయబోయాను, ఒట్టు. కలం గాల్లోనే ఆగిపోయింది. వరండాలో బెత్తం తిన్నప్పుడు పెద్దయ్యాక ఎవరి సొంత గోలా కొట్టేయనని ఒట్టు పెట్టుకున్న చిన్నప్పటి నేనే గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ వాక్యాన్ని ముట్టుకోకుండా పేజీ తిప్పి, మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకోసారి చదువుకున్నాను.