కుక్కలంటే పడని మా సెక్రటరీ గారు

సెక్రటరీ గారు పోయారన్న కబురు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనప్పుడు స్కూల్లో లెక్కల పేపర్లు దిద్దుతున్నాను. సాయంత్రం బోయిగూడకు తిరిగొచ్చేసరికి గేటుకు ఫ్లెక్సీ కట్టేశారు. పెద్ద ఫోటో, కింద పెద్ద అక్షరాలతో 'స్నేహశీలి, మూగజీవాల ప్రేమికుడు'.

చదివి ఒళ్లు మండింది. ఆయన స్నేహశీలి కాదు. మూగజీవాల్ని ప్రేమించిన పాపాన ఎన్నడూ పోలేదు. మావాళ్లింతే. మనిషి పోగానే పౌడరు రాసి, దువ్వి, తమకు నచ్చినట్టు తయారుచేసి గేటుకు వేలాడదీస్తారు. ఉన్నమాట ఎవరో ఒకరు రాయాలి గనుక నేను రాస్తున్నాను.

ఆయన రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. మా కింది ఫ్లాటే. నేను కుక్కల్ని కాపాడే ఒక సంస్థలో ఆదివారాలు పనిచేస్తాను. మౌలాలి వైపు వాళ్ల షెడ్డుంది. బోన్లు కడగడం, గాయాలకు మందు రాయడం నా పని. అక్కడ చోటు చాలనప్పుడు ఒక కుక్కను మా ఇంటికి తెచ్చి, ఎవరైనా పెంచుకోవడానికి ముందుకొచ్చేదాకా ఉంచుకుంటాను. మొట్టమొదట ఒక గజ్జికుక్కను తెచ్చిన రోజు ఆయన మెట్ల మీద ఎదురై, ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకున్నారు.

"ఏంది టీచరమ్మా, ఇది అపార్ట్‌మెంటా, కుక్కల హాస్టలా?"

"కొన్నాళ్లే అంకుల్. పెంచుకునేవాళ్లు దొరికేదాకా."

"మనుషులకే ఇండ్లు దొర్కుతలేవు. దీనికి దొర్కుతదా?"

నా వెంట వచ్చే వాలంటీర్లంటే ఆయనకు కుక్కలకన్నా ఎక్కువ అసహ్యం. వాళ్లు కుక్కను ఎత్తుకుని పార్కింగులో ఫోటోలు దిగేవాళ్లు. అది అక్కడే పాడుచేస్తే బట్టలు దులుపుకుని వెళ్లిపోయేవాళ్లు. ఆయన బాల్కనీలోంచి అరిచేవారు: "ఫోటోకు అందరు, పెంట తీయనీకి టీచరమ్మ ఒక్కతే!" నాకు కోపం రావలసింది. రాలేదు. చేతిలో చీపురుతో నిలబడ్డదాన్ని, ఆ మాట కాదని ఎలా అంటాను?

ఆ తర్వాత కాటుక వచ్చింది. కారు గుద్ది నడుం దెబ్బతిన్న కుక్క. ఎవరైనా చెయ్యెత్తితే చాలు, మంచం కిందికి దూరేది. మా రెండో అంతస్తులో ప్లాట్ల వ్యాపారి ఒకాయన ఉన్నాడు. కూతుర్ని చూడటానికి పెళ్లివారు వస్తున్నారని, మెట్ల మీద కుంటికుక్క కనబడితే పరువు పోతుందని ఆయన బాధ. ఆ మాటే చెప్పి ఉంటే ఆ పూటకు నేనే కాటుకను ఎటైనా తీసుకెళ్లేదాన్ని. ఆయన కాలికి కట్టు కట్టుకుని వచ్చి, కుక్క కరిచిందన్నాడు.

మీటింగ్ పెట్టారు. అందరూ కళ్లారా చూసినట్టే మాట్లాడారు. మొన్న తన మీదికి కూడా వచ్చిందని ఒకావిడ కన్నీళ్లు పెట్టుకుంది. కరిచే కుక్క అని పేరు పడితే కాటుకను ఇక ఎవరూ తీసుకోరు. మళ్లీ షెడ్డులో బోనే దాని గతి. సెక్రటరీ గారి వైపు చూశాను. ఆ ముఖంలో నా మీద దయ ఏమీ లేదు.

"కట్టు ఇప్పు," అన్నారాయన వ్యాపారితో.

"ఏంది సార్, నమ్మకం లేదా?"

"లేదు. పొద్దుగాల బండి కిక్కు కొట్టంగ రాడ్ ఎనుకకు తన్ని నీ కాలు గీరుకపోయింది. నా ముందటనే తిట్టుకుంట లోపటికి పోయినవ్. ఇప్పుడు కుక్క కరిచిందంటున్నవ్."

వ్యాపారి కట్టు విప్పలేదు. సెక్రటరీ గారు అందరి వంకా, చెప్పుకు అంటిన బురదను చూసినట్టు చూశారు.

"నాకు కుక్కలంటే పడది. ఈ టీచరమ్మ చేసే పని సుత పడది. పడదని మొఖం మీదనే చెప్తున్న. మీకు గంత ధైర్యం లేక నోరులేనిదాని మీద అబద్ధం ఏస్తున్రు. థూ!"

మర్నాడు థ్యాంక్స్ చెబుదామని వెళ్తే గుమ్మంలోనే ఆపేశారు. "నాకు థ్యాంక్స్ గిట్ల వద్దు. నీ కోసం చెప్పలె, దాని కోసం సుత చెప్పలె. జెర తొందరగ పంపియ్యి దాన్ని. మెట్లన్నీ వాసన." లోపలినుంచి ఆంటీ నవ్వు వినబడింది.

అలాగని ఎవరికి పడితే వాళ్లకు పంపనిచ్చారా అంటే అదీ లేదు. కాటుకను చూడటానికి వచ్చినవాళ్లను పార్కింగులోనే పట్టుకునేవారు. నేను మొహమాటపడి అడగలేనివన్నీ ఆయనే అడిగేవారు. "మీకు కుక్క కావాల్నా, సోఫాకు మ్యాచింగ్ కావాల్నా?" "ఊరికి పోతే దీన్ని ఏడ పెడ్తరు?" మొగుడూ పెళ్లాం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే, "ఇగ పోండ్రి" అని గేటు చూపించేవారు. ఆయన ఊళ్లో లేనప్పుడు ఒక కుటుంబం కాటుకను తీసుకెళ్లి, ఇల్లంతా వెంట్రుకలు రాలుతున్నాయని కొద్దిరోజులకే వెనక్కి తెచ్చింది. కారు ఇంజను కూడా ఆపలేదు. "చీర అనుకున్నరా, రంగు నచ్చలేదని వాపస్ తెస్తున్నరు?" అని ఆయన కారు అద్దం మీద కొట్టారు. సీటు కింద ముడుచుకున్న కాటుకను నేను ఎత్తుకుని వస్తుంటే, దస్తీ ముక్కుకు పెట్టుకునే పక్కకు జరిగి దారిచ్చారు.

ఆయన మంచాన పడ్డాక చూడటానికి వెళ్లాను. నా బట్టల వాసన తగిలిందేమో, కళ్లు తెరిచారు.

"ఇంకా పోలేదా అది?"

"లేదంకుల్."

"ఉండనీ. తొందరపడి ఎవనికో అంటగట్టకు."

నాతో ఆయన మాట్లాడిన చివరి మాట అదే. ఒక్క మెచ్చుకోలు మాట అనకుండానే నాకు అన్నాళ్లూ అండగా ఉన్నారు. సంతాప సభలో మైకు పట్టుకుని, "సార్‌కు కుక్కలంటే ప్రాణం" అని గొంతు గద్గదం చేసుకున్నది ఆ ప్లాట్ల వ్యాపారే. జనం తలలూపారు. నేను సమోసా తీసుకోకుండా లేచి వచ్చేశాను.

తర్వాతి ఆదివారం కాటుకను పెంచుకుంటానని మౌలాలి నుంచి ఒక నర్సమ్మ వచ్చింది. కాటుకను పిలవలేదు, ముద్దుచేయలేదు. గచ్చు మీద కూర్చుని, అదే దగ్గరికి వచ్చేదాకా ఆగింది. వాళ్లను ఆటో ఎక్కించాను. కాటుక ఆమె ఒళ్లోంచి మెడ చాచి, ముక్కు బయటపెట్టి, ఎదురుగాలిని గట్టిగా వాసన చూస్తోంది. ఆటో మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. అది ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.