కాటా దగ్గర ఆగిన రొయ్యలు

ముందు పోయినవి చెబుతాను: వనామీ రొయ్యలు నూట ఎనభై కిలోలు, పదకొండు మంది ఆడవాళ్ల మూడు గంటల పని, ఒక వ్యాను కిరాయి.

మూడేళ్ల కిందటి వేసవి. ఓడలరేవు దారిలో రొయ్యలు ఒలిచే పీలింగ్ షెడ్డులో నేను గుమస్తాను. మాకు రొయ్యలు పంపే రైతు సుందర్రావు గారికి ఉన్నది ఒకటే చెరువు. తొలి విడత రొయ్యలు పొద్దున్నే వచ్చాయి. తలలతో ఒకసారి, తలలు తీశాక ఒకసారి తూచి తరుగు రాసుకోవడం నా అలవాటు. ప్రతి ట్రేనూ నీళ్లు ఓడ్చి, రెండేసి సార్లు తూస్తూ కూర్చున్నాను.

తలలు తీసే ఆడవాళ్లకి మేస్త్రి మరియమ్మ. ఆవిడ ఒక రొయ్యను నొక్కితే పిండిలా జారింది.

“ఇది రొయ్యా అండీ, నానిన అటుకులా? మీ తూకం అయ్యేసరికి స్పూనుతో తినాలి.”

వాసన బాగానే ఉంది, కుళ్లలేదు. రొయ్య తలలో హెపటోపాంక్రియాస్ అనే జీర్ణగ్రంథి ఉంటుంది. అందులోని ఎంజైములు మేతను అరిగిస్తాయి. రొయ్య చచ్చాక అవి బయటికి కారి, దాని కండలోని ప్రోటీన్‌నే అరిగించేస్తాయి. కడుపు నిండుగా ఉండి ఎండ కూడా తోడైతే మరీ తొందరగా. నేను చదివింది పదో తరగతే. ఇదంతా వచ్చిపోయే టెక్నీషియన్లను అడిగి నేర్చుకున్నాను. తెలిసి కూడా తలలు ఉంచేశాను.

సుందర్రావు గారికి ఫోన్ చేశాను. “పొద్దున్న మేత వేసేరా అండీ?”

“ఆయ్, వేసేనండి. కడుపు నిండితే తూకం కలిసొస్తుందని.”

తప్పు సగం ఆ మేతది, సగం నా కాటాది.

“వల ఆపించండి. రేపు పట్టేదాకా మేత వేయకండి.”

“మిగిలినవీ పోతే చెరువు వదులుకోవాలండి.” అన్నారాయన.

మర్నాడు ఖాళీ కడుపుతో ఉన్న రొయ్యలను పట్టి, గట్టు మీదే ఐసునీళ్లలో ముంచాం. కిలో రొయ్యలకి కిలో ఐసు చొప్పున యాభై కిలోల దిమ్మలు పదమూడు కావాలి. మా దగ్గర నాలుగే ఉన్నాయి. పక్క షెడ్డు నూకరాజు గారు తొమ్మిది ఇచ్చేరు.

షెడ్డులో ముందు తలలు తీయించాను, తర్వాతే తూకం.

“తలలతో ఎంతో తెలియకుండా నాకెలా లెక్క కడతారండీ?” అన్నారు సుందర్రావు గారు.

ఆయన ఎదుటే పది కిలోలు విడిగా తూచి తలలు తీయించాను. ఆరున్నర వచ్చింది. మొత్తం తలలు తీసినవి నాలుగు వందల పదహారు కిలోలు. వెనక్కి కడితే ఆరు వందల నలభై. ఆయన సెల్‌ఫోనులో తానూ కట్టుకుని తలూపేరు.

మరియమ్మ ట్రేకి ఒకటి చొప్పున తీసి నొక్కింది. “గట్టిగా ఉన్నాయండి, మీ మొండితనంలాగ.”

సుందర్రావు గారు బల్ల మీద కూలబడి టీ అడిగేరు. ముందురోజు నుంచీ ఆయన నోట్లో ఏమీ పడలేదట.

తూకం గంట ఆలస్యమైనా అంకె మారదు. ఎంజైము ఆ గంట ఊరుకోదు. నాకు తెలిసొచ్చింది అదే. ఇప్పుడు నమూనాకి తీసే పది కిలోలు తప్ప, తల తీయని రొయ్యను కాటా దగ్గరికి రానివ్వను.

నూకరాజు గారు డబ్బు పుచ్చుకోలేదు. “నాకు తక్కువైన రోజున ఐసే ఇద్దురుగాని” అన్నారు. ఇప్పటికి రెండుసార్లు తక్కువై ఆరు తీసుకున్నారు. ఇంకా మూడు దిమ్మలు బాకీ.