జవాబు కోసం ఆగే పాట

జూలై పదో తేదీ, ఉదయం ఏడు గంటలు. మలికిపురం వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉండగా, అప్పుడే పీకి కట్టలు కట్టిన వరినారు వాసన లోపలికి వచ్చింది. మడిలో ఆడవాళ్ళు వరుసగా వంగి నారు ఊడుస్తున్నారు. ఎవరూ పాడటం లేదు. వీరమ్మ అత్తను గురించి రాయాలని ఆ బస్సులోనే నిశ్చయించుకున్నాను.

ఆమె మాకు చుట్టం కాదు. పక్కింటి మనిషి, మా అమ్మతో కలిసి కూలికి వెళ్ళేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. అక్షరాలు రావు కాని పాటలు కట్టేది. ఊడ్పుల్లో ముందు పాట ఎప్పుడూ ఆమెదే. "గట్టు కింద ఎవరే, నీళ్ళలో నిలిచిందెవరే" అని ఒక పేరు పిలిచి ఆగేది. ఆ పేరుగల మనిషి "నేనే లక్ష్మినే, నీ పక్కనే ఉన్నానే" అన్నట్టుగా జవాబు పాడాలి. కాలేజీ సెలవుల్లో నేనూ ఆ వరుసలో వంగినదాన్నే. నా వంతు వస్తే గొంతు లేచేది కాదు. "బీయే గారికి పాటక్కూడా పుస్తకం కావాలేమో చూడండర్రా" అని అందరినీ నవ్వించేది. అయినా నేను పలికేవరకు పాటను ముందుకు నడిపేది కాదు.

తొంభైల చివరికి లక్ష్మి, దుర్గ, రత్నం ముగ్గురూ ఇళ్ళలో పనికి కువైట్ వెళ్ళిపోయారు. ఆమె పాటకు బాగా పలికేవారు వాళ్ళే. వారి వంతు వచ్చేచోట అత్త అలవాటుగా ఆగేది. ఆ నిశ్శబ్దంలో మేమంతా తల ఎత్తకుండా నాటుకుంటూ పోయేవాళ్ళం. ఆ రోజుల్లో ఉత్తరాలకు బదులు మాటలు నింపిన క్యాసెట్లను కువైట్ వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. ఒక సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చి అడిగింది.

"అమ్మాయ్, మీ టేపు రికార్డరులో నా పాట ఎక్కించి పంపితే, అక్కడ వాళ్ళు పలికి తిప్పి పంపరంటావా?"

ముగ్గురినీ పేరుపేరునా పిలిచి, ఒక్కొక్కరికీ చోటు వదిలి పాడింది. నా క్యాసెట్టు నుంచి కొత్తదానిలోకి ఎక్కించమని రాజోలులో ఒక దుకాణంలో ఇచ్చాను. కొన్ని నెలలకు లక్ష్మి మాటలతో క్యాసెట్టు వచ్చింది. "పాట బాగుందత్తా. గానీ మాకు సందేదీ? నువ్వే పిలిచి నువ్వే వెళ్ళిపోయేవు."

దుకాణదారును అడిగితే ఎంతో మర్యాదగా చెప్పారు. "మధ్యమధ్యన ఖాళీ వచ్చేసిందండీ. టేపు పాడయ్యిందేమో అనుకుని ఆ ముక్కలు తీసేసి శుభ్రంగా చేసేనండి, ఆయ్."

అత్తకు కోపం రాలేదు. "చప్పుడు లేకపోతే ఖాళీయే అనుకుంటారు, పాపం ఆయనేం చేస్తాడు" అంది. మళ్ళీ పాడుతూ, ఈసారి ప్రతి పేరు తరువాత ముందున్న నీళ్ళ బేసినులో చేయి ముంచి తీసింది, నారు నాటుతున్నట్టుగా. ఆ చప్పుడును ఎవరూ తీసివేయలేదు.

మరుసటి ఏడు జవాబు వచ్చింది. అత్త పాట మోగుతుండగా పక్కన మరో రికార్డరు పెట్టి నింపినట్టున్నారు. లక్ష్మి పేరు రాగానే, "నేనే లక్ష్మినే, నీ పక్కనే ఉన్నానే" అని స్పష్టంగా వినిపించింది. అత్త మోకాలి మీద చరుచుకుని నవ్వింది. తరువాత దుర్గ పేరు, నీళ్ళ చప్పుడు. రత్నం పేరు, నీళ్ళ చప్పుడు. చివర లక్ష్మి గొంతు తగ్గించి చెప్పింది. "వాళ్ళిద్దరూ ఇళ్ళు మారిపోయేరత్తా. ఎక్కడున్నారో నాకూ తెలీదు."

"మరోసారి పెట్టవే" అంది అత్త. పెట్టాను. దుర్గ పేరు దగ్గర ఆమే జవాబు పాడబోయి, సగంలో ఆపేసింది. "నేనే పిలిచి నేనే పలకడం ఏం బాగుంటుందే, కట్టేయ్" అంది.

ఆ పైన ఆమె కొత్త పాట కట్టలేదు. ఊడ్పులకు మాత్రం వచ్చేది. పాడమంటే, "మీరెవరన్నా ఎత్తుకోండర్రా, నేను పలుకుతాను" అనేది. ఎవరమూ ఎత్తుకోలేకపోయాం.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. నన్ను పేరు పెట్టి ఎవరు పిలిచినా, ఎంత పనిలో ఉన్నా, వినబడేలా పలుకుతాను. మా ఊరి మళ్ళలో మాత్రం ఆ క్యాసెట్టు వచ్చిన నాటి నుంచి పాట లేదు.